పంతొమ్మిది అంగుళాల శపథం

మార్చి 2, ఆదివారం
ఉదయం 7:15

కొత్త డైరీ. కొత్త పెన్ను. మనసు ఉరకలు వేస్తోంది.

నిన్న అమ్మాయి దగ్గర్నుంచి పెన్‌డ్రైవ్ వచ్చింది. అందులో అది తీసిన సినిమా ఉంది. ముప్ఫై ఎనిమిది నిమిషాలు. ఎవరూ ఉత్తరాలు వెయ్యని ఒక పాత పోస్టు డబ్బాలో కందిరీగలు కాపురం పెట్టడం గురించి. పదకొండు నెలలు ఆ డబ్బా ఎదురుగా కెమెరాతో కూర్చుందట.

పెన్‌డ్రైవ్‌తో పాటు ఒక చీటీ. నాకు! పద్నాలుగు నెలల్లో నాకంటూ రాసిన మొదటి మాటలు:

"నాన్నా, పదిహేనో తారీఖులోపు దీన్ని పోటీకి పంపాలి. చూసినవాళ్లందరూ బాగుందనే అంటున్నారు. నాకు తప్పు పట్టేవాళ్లు కావాలి. ఆ పని నీ అంత బాగా చేసేవాళ్లెవరూ నాకు తెలీదు. ఫుల్ హెచ్‌డీలో చూడు. ఫోన్‌లో మాత్రం చూడకు."

మూడుసార్లు చదివాక, అది పొగడ్తేనని తేల్చుకున్నాను.

పద్నాలుగు నెలల సంగతి కూడా రాసేస్తాను. డైరీలో దాచేదేముంది. నేను కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. పక్క కుర్చీలో అమ్మాయిని కూర్చోబెట్టాలని నా ఆశ. అది కెమెరా పట్టుకుని వెళ్లిపోతానంది. "కందిరీగల వెంట తిరగడానికి ఇంత చదువెందుకే?" అన్నాను. నోరు జారాను. ఆ రోజు నుంచి దాని ఫోన్లన్నీ వాళ్లమ్మకే. పొరపాటున నేనెత్తితే, "అమ్మకివ్వు నాన్నా." అంతే.

మధ్యాహ్నం 2:30

భోజనాలకి బావమరిది వచ్చాడు. వాణ్ణి ఇంట్లో అందరం వైఫై అంటాం. పిలవకపోయినా ప్రతి గదిలోకీ వచ్చేస్తాడు.

పెన్‌డ్రైవ్ సంగతి విని నవ్వాడు. "దేంట్లో చూస్తావు బావా? ఆ డబ్బాలోనా? దాని మీద హెచ్‌డీ రాదు."

డబ్బా అన్నది మా మానిటర్ని. పంతొమ్మిది అంగుళాలు. పద్నాలుగేళ్ల క్రితం నేనే ఏరి కోరి తెచ్చాను. ఈ ఇంట్లో ఒక్కసారి కూడా రిపేరుకి వెళ్లనిది అదొక్కటే. నేనూ వెళ్లొచ్చినవాణ్ణే.

"కొత్తది తెచ్చుకుందాం లెండి" అంది మా ఆవిడ.

"అక్కర్లేదు! దీని మీదే చూస్తాను. ఫుల్ హెచ్‌డీలో. ఇది నా శపథం!" అన్నాను. లేచి నిలబడి మరీ అన్నాను. చేతిలో గరిటె ఉంది.

"కూర్చుని శపథం చెయ్యి బాబూ, మీద పడుతోంది" అంది అత్తయ్య, మా ఆవిడ వాళ్లమ్మ.

నియమాలు:
1. ఈ మానిటర్ మీదే. ఫుల్ హెచ్‌డీలో. మొత్తం ముప్ఫై ఎనిమిది నిమిషాలు.
2. అంతవరకు ఫోన్‌లో ఒక్క సెకను కూడా చూడను.
3. వైఫైని ఏదీ అడగను.
4. అమ్మాయికి ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

గడువు: మార్చి 8. ఆరు రోజులు! చాలా ఎక్కువ పెట్టుకున్నానేమో.

మార్చి 3, సోమవారం
ఉదయం 6:30

చదువుకున్నాను. తెర మీద బొమ్మంతా చుక్కలేనట. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. ఇంతే! దీనికింత గొడవా!

మానిటర్ వెనక అంటించిన కాగితం మీద దుమ్ము తుడిచి చూశాను. 1280, 1024.

నిలువుగా యాభై ఆరే తక్కువ! ఆ మాత్రం సర్దుకోదా?

అడ్డంగా మాత్రం కాస్త తేడా ఉంది.

"కాస్తా? మూడో వంతు లేదన్నమాట" అంది మా ఆవిడ. ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఈ ఊళ్లో సగం మోకాళ్లు ఆవిడ చలవతోనే నడుస్తున్నాయి. లెక్కలు కూడా అలాగే నొక్కి చెప్తుంది.

సాయంత్రం 6:00

కాగితం మీద అంకెల్ని ఎందుకు నమ్మాలి? షాపు నుంచి కంటికి బిగించుకునే భూతద్దం తెచ్చాను. స్కేలు పెట్టి చుక్కలు లెక్కపెట్టాను. ఒక సెంటీమీటరులో ముప్ఫై నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. ముప్ఫై నాలుగు. మూడోసారి ముప్ఫై ఐదు వచ్చింది, కానీ అప్పుడు అత్తయ్య మాట్లాడిస్తోంది.

మొత్తం తెరంతా లెక్కకట్టాను. 1280.

కాగితం అబద్ధం చెప్పలేదు. నిజాయితీ గల మానిటర్. అభిమానం ఇంకా పెరిగింది.

మార్చి 4, మంగళవారం
సాయంత్రం 5:40

సినిమా వేశాను! వచ్చింది! బొమ్మ వచ్చింది!

పైనా కిందా నల్ల పట్టీలు. మధ్యలో పోస్టు డబ్బా. కందిరీగ ఎగురుతూ వచ్చింది. ఎగురుతూ అనకూడదు. మెట్లు దిగుతున్నట్టు ఆగి ఆగి వచ్చింది.

"బానే కనిపిస్తోందిగా ఈగ" అంది అత్తయ్య.

"ఈగ కాదత్తయ్యా, కందిరీగ."

"మరి ఈగలా కనిపిస్తోందేం?"

ఇరవయ్యో సెకను దగ్గర ఆపేశాను. ఇది ఫుల్ హెచ్‌డీ అవునో కాదో తేలకుండా చూస్తే నియమం తప్పినట్టే.

6:30

తేల్చే ఉపాయం తట్టింది. నా వృత్తే అది! షాపులో కళ్లు పరీక్ష చేసే అక్షరాల చార్టుని ఫోటో తీసి, తెర మధ్యలో చిన్నదిగా పెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నాను. పై నాలుగు వరుసలూ స్పష్టం. చివరి రెండు వరుసలు పురుగులు పాకినట్టున్నాయి.

నా కళ్లు బాగానే ఉన్నాయి. అంటే లోపం మానిటర్‌ది. దానికి చూపు మందగించింది.

మరి చూపు మందగిస్తే ఏం చేస్తాం?

7:10

మానిటర్ ముందు దారం కట్టి ఒక అద్దం వేలాడదీశాను. మైనస్ ఒకటిన్నర. బొమ్మ చిన్నదైంది. ప్లస్ రెండు పెట్టాను. అక్షరాలు పెద్దవయ్యాయి. పాకే పురుగులు కూడా పెద్దవయ్యాయి. షాపు నుంచి తెచ్చినవాటిలోకెల్లా మందమైన అద్దం పెట్టి వెనక్కి నడిచాను. గోడ దగ్గరికి వచ్చేసరికి పోస్టు డబ్బా తలకిందులైంది.

అప్పుడే మా ఆవిడ గదిలోకి వచ్చింది. అద్దాన్ని, దారాన్ని, గోడకి ఆనుకుని ఒక కన్ను మూసుకున్న నన్ను చూసింది. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

మార్చి 5, బుధవారం
మధ్యాహ్నం 1:30

కంప్యూటర్ రిపేరు షాపుకి వెళ్లాను. నడిపేది ఒక యాభై ఏళ్లావిడ. చెవి మీద పెన్సిలు పెట్టుకున్నట్టు స్క్రూడ్రైవరు పెట్టుకుంటుంది. వీధంతా స్క్రూడ్రైవరమ్మ అంటారు. వైఫైని అడగనన్నాను గానీ ఈవిడని అడగనని ఎక్కడా రాయలేదు.

"రిజల్యూషన్ ఎంతండీ?" అంది.

"ఎనిమిదో తారీఖులోపు" అన్నాను, నా శపథం గడువు అడుగుతోందనుకుని.

చెవి మీది స్క్రూడ్రైవరు తీసింది. "మీది కాదు. మానిటర్‌ది."

చెప్పాను. చుక్కల లెక్క విని ఆవిడ స్క్రూడ్రైవరుతో బల్ల మీద గీస్తూ విడమరిచి చెప్పింది. హెచ్‌డీలో రెండు రకాలున్నాయి. చిన్న హెచ్‌డీకి అడ్డంగా 1280, నిలువుగా 720 చుక్కలు చాలు. అది మా మానిటర్ మీద నిక్షేపంగా వస్తుంది. ఫుల్ హెచ్‌డీ వీడియో వేస్తే ఆడుతుంది, కానీ కంప్యూటరు దాన్ని కుదించి చూపిస్తుంది.

"తెరకి ఎన్ని చుక్కలుంటే అన్నే. నువ్వు బతిమాలినా, నేను తిట్టినా దానికి కొత్త చుక్కలు పుట్టవు" అంది.

వీధిలో ఎవరికో చెప్పినట్టు నువ్వు అనేసింది. నేనేమీ అనుకోలేదు. బాధ అలాంటిది.

కంప్యూటరులో పెట్టాల్సిన ఒక ప్రోగ్రాం కూడా ఇచ్చింది. ఆగి ఆగి రావడం తగ్గుతుందట.

సాయంత్రం 6:15

తగ్గింది! కందిరీగ జారినట్టు ఎగిరింది. రెండు నిమిషాలు చూశాను. పరీక్ష కోసమే. పరీక్ష నియమం కిందికి రాదు.

ఇంకో శుభవార్త. అప్పుడే ఒక తప్పు పట్టేశాను! ఆకాశంలో, పైన ఎడమ వైపు, ఒక నల్ల మచ్చ. కదలకుండా అక్కడే ఉంది. ఇంతమంది చూశారట, ఎవరికీ కనిపించలేదట! కన్నంటే నాదీ.

మార్చి 6, గురువారం
ఉదయం 8:00

మెరుపులాంటి ఆలోచన. ఒక మానిటర్‌కి 1280. రెండు పక్కపక్కన పెడితే 2560! కావలసింది 1920. ఇంకా మిగులుతాయి!

సాయంత్రం 7:00

షాపు యజమాని పెద్దాయన పొరుగూరు వెళ్లాడు. కౌంటరు మీద మానిటర్ మా దాని తోబుట్టువే, అదే కొలత. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి తెచ్చాను. కండక్టరు దానికీ టికెట్ కొట్టాడు.

రెండిటినీ కలిపాను. బొమ్మ రెండు తెరల మీదా పరుచుకుంది. పోస్టు డబ్బా ఎడమ తెర మీద, ఆకాశం కుడి తెర మీద. రెండిటి మధ్య అంచులు కలిపి నాలుగు వేళ్ల మందం.

కందిరీగ గూటిలోంచి బయల్దేరింది. ఎడమ తెర దాటింది. మాయమైంది.

"ఈగ ఏది?" అంది అత్తయ్య.

"మధ్యలో ఉందత్తయ్యా. వస్తుంది."

అందరం కుడి తెర వైపు చూస్తూ కూర్చున్నాం. రాలేదు. కందిరీగ ఆ మధ్యలోనే గాలిలో నిలబడి ఏదో పని చూసుకుంటోంది. రెక్కల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అమ్మాయి ఎంత కష్టపడి తీసిందో ఆ ముక్క!

పైగా నిలువుగా ఇంకా యాభై ఆరు తక్కువే. దానికి పైన ఇంకో రెండు మానిటర్లు కావాలి.

"మళ్లీ బస్సా?" అంది మా ఆవిడ.

మార్చి 7, శుక్రవారం
మధ్యాహ్నం 12:40

మానిటర్ లేకపోవడంతో నిన్న సాయంత్రం నుంచి షాపులో ఆర్డర్లు చేత్తో రాస్తున్నాను. సంగీతం టీచరుగారి అద్దాలు కంసాలికి, కంసాలివి సంగీతం టీచరుగారికి వెళ్లిపోయాయి. టీచరుగారు వచ్చి కేకలేశారు. కంసాలి మాత్రం తిరిగివ్వనంటున్నాడు. చేతిలో నగ కనిపించడం లేదట గానీ ఎదురు కొట్లోకి ఎవరెవరు వెళ్తున్నారో బ్రహ్మాండంగా కనిపిస్తోందట.

3:20

అద్దాలు కడిగే గదిలో ఉన్నాను. తలుపు వేసుకున్నాను. సినిమాని జాగ్రత్త కోసం నిన్ననే ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను.

ఫోన్‌లో చూడలేదు. విన్నాను అంతే. కళ్లు తెరుచుకుని విన్నాను.

మూడు నిమిషాలు.

నియమం 2 సవరణ: అత్యవసర పరిస్థితుల్లో తప్ప.

ఫోన్‌లో ఆ నల్ల మచ్చ కనిపించలేదు. చిన్న తెర కదా, ఎలా కనిపిస్తుంది. అందుకే ఫోన్‌లో చూడకూడదనేది.

మార్చి 8, శనివారం
ఉదయం 10:05

గడువు ఈ రోజే. నిజానికి మార్చి 8 అని రాసుకున్నప్పుడు సెలవులు, కరెంటు కోతలు కలుపుకోలేదు. కోత ఒక్కటీ లేదనుకోండి. ఉండొచ్చు కదా.

11:30

అమ్మాయి ఫోన్ చేసింది. నాకే! నా నంబరుకే!

"చూశావా నాన్నా?"

చూడలేదనడానికి నోరు తెరిచాను. పద్నాలుగు నెలల తర్వాత "నాన్నా" తర్వాత "అమ్మకివ్వు" లేకుండా విన్నాను. తెరిచిన నోట్లోంచి వేరేది వచ్చింది.

"చూశాను."

"ఫుల్ హెచ్‌డీలోనేనా?"

"ఆఁ."

"ఎలా ఉంది? మొహమాటపడకు. తప్పులు చెప్పు."

"పైన ఎడమ వైపు నల్ల మచ్చ ఉందమ్మా."

"ఎక్కడ? ఎన్నో నిమిషంలో?"

"అన్ని నిమిషాల్లోనూ."

అవతల కుర్చీ కిర్రుమంది.

"మొత్తం సినిమాలోనా?" మౌసు టకటకలాడింది. "కెమెరా లోపల దుమ్ము పడిందేమో. పదకొండు నెలలూ పడే ఉందేమో. దేవుడా... నాకెందుకు కనిపించలేదు నాన్నా?"

"నీది చిన్న వయసు. అనుభవం మీద వస్తుంది" అన్నాను.

పెట్టేసింది. గర్వంగా ఉంది. నా కంటి మీద దానికెంత నమ్మకం!

రాత్రి 9:30

భోజనం తర్వాత ఈ పేజీ మళ్లీ చదువుకున్నాను. నియమం 4 గురించి ఇక్కడ ఏమీ రాయదల్చుకోలేదు.

మార్చి 9, ఆదివారం
ఉదయం 11:00

వాళ్లమ్మ ద్వారా వార్తలు. అమ్మాయి నిన్నటి నుంచి కుర్చీలోంచి లేవలేదట. సినిమాని బొమ్మ బొమ్మగా ఆపి మచ్చ కోసం వెతుకుతోందట. యాభై నాలుగు వేల బొమ్మలట. కెమెరా విప్పించడానికి కూడా పంపేసిందట.

"తొమ్మిది మచ్చలు దొరికాయట, తీసేసిందట" అంది మా ఆవిడ. "మీరు చెప్పారు కాబట్టి ఇంకా ఉన్నాయనే వెతుకుతోంది. అంత పెద్ద మచ్చా అండీ?"

"ఆవగింజంత."

"మీరు మొత్తం ఎప్పుడు చూశారు? నేనింట్లోనే ఉన్నానుగా."

మొక్కలకి నీళ్లు పోయాలని లేచాను. మాకు మొక్కలు లేవు.

మార్చి 10, సోమవారం
సాయంత్రం 5:50

నిలబడే రాస్తున్నాను. రాత బాగాలేకపోతే అందుకే.

అత్తయ్య తన కొడుకు పెళ్లి ఫోటోలు పెద్దగా చూడాలంది. మానిటర్ మీద పెట్టాను. మొదటి ఫోటోలో పైన ఎడమ వైపు, తెల్లగోడ మీద నల్ల మచ్చ.

రెండో ఫోటోలో అదే చోట, ఫోటోగ్రాఫరు పెట్టిన లైటు మీద. మూడో ఫోటోలో వైఫై నుదుటి మీద.

"పెళ్లికొడుక్కి దిష్టిచుక్క అక్కడ పెట్టామా?" అంది అత్తయ్య.

ఉత్త తెల్లకాగితం లాంటి బొమ్మ తెరిచాను. మచ్చ ఉంది. ఇన్నాళ్లూ తెర మీద ఉండేది నల్లటి అడవి బొమ్మ. అందులో ఎలా కనిపిస్తుంది?

భూతద్దం బిగించుకుని చూశాను.

మచ్చకి కాళ్లున్నాయి.

ఆరు.

ఎప్పుడో ఒక బుల్లి పురుగు వెలుతురు కోసం అంచులోంచి దూరి, అద్దం వెనక చచ్చిపోయింది. మీసాలు కూడా ఉన్నాయి. ఎంత స్పష్టంగా ఉందంటే, ఈ మానిటర్ మీద ఫుల్ హెచ్‌డీలో కనిపించినది ఇదొక్కటే.

అక్కడ నా కూతురు లేని మచ్చ కోసం యాభై నాలుగు వేల బొమ్మలు వెతుకుతోంది.

6:30

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పెట్టేశాను. ముందు పురుగుని తీసేసి, ఆ తర్వాత "మచ్చ పోయిందమ్మా" అని చెప్తే? అది అబద్ధం కాదు కదా. పూర్తిగా.

మార్చి 11, మంగళవారం
ఉదయం 9:00

స్క్రూడ్రైవరమ్మకి ఫోన్ చేశాను. "నొక్కకండి. నొక్కితే అక్కడే నలిగి అంటుకుపోతుంది. విప్పాలంటే నాలుగు రోజులు పడుతుంది" అంది. నాలుగు రోజులంటే పదిహేనో తారీఖు. కుదరదు.

సాయంత్రం 5:00

వైఫైని అడిగాను. నియమం 3 పోయింది. ఇన్ని పోయాక అదొక్కటీ ఉండి ఏం చేసుకుంటుంది.

వాడి ఆనందం చూడాలి. ఫోన్ పెట్టేలోపే గుమ్మంలో ఉన్నాడు.

"వేళ్లతో తియ్యకూడదు బావా, అదరగొట్టాలి. అదిరితే జారి కిందికొస్తుంది. అక్క మసాజ్ మిషను తీసుకురా."

నడుం పట్టేసినవాళ్లకి మా ఆవిడ వాడే మిషను. ఆన్ చేసి మానిటర్ వీపు మీద ఆనించాను. వైఫై టార్చి పట్టుకున్నాడు. అత్తయ్య కుర్చీ జరుపుకుని ముందు వరసలో కూర్చుంది.

"కదిలింది!" అన్నాడు వాడు.

నిజంగానే కదిలింది. రెండు వేళ్ల వెడల్పు జారింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం. ఇంకా జారింది. సరిగ్గా తెర మధ్యకి వచ్చి ఆగిపోయింది.

"స్పీడు పెంచు బావా!"

పెంచాను. లోపల ఏదో చిటుక్కుమంది. తెర మీద పై నుంచి కిందికి ఊదారంగు గీతలు. తర్వాత ఆకుపచ్చ. తర్వాత ఏమీ లేదు.

ఏమీ లేదు, పురుగు తప్ప. టార్చి వెలుతురులో అది మధ్యలో దర్జాగా ఉంది.

పద్నాలుగేళ్ల మానిటర్. నా చేతుల్లోనే పోయింది. వీపు ఇంకా వెచ్చగా ఉంది.

మా ఆవిడ వచ్చింది. మిషను లాక్కుంది. తమ్ముణ్ణి వంటింట్లోకి పంపింది. నా ఎదురుగా కూర్చుంది.

"మొత్తం చెప్పండి."

చెప్పాను. అద్దాలు కడిగే గదితో సహా.

"ఫోన్‌లో చెప్పకండి. పొద్దున్న మొదటి బస్సుకి వెళ్లండి" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 12, బుధవారం
మధ్యాహ్నం 2:00. తిరుగు బస్సులో కాదు. అమ్మాయి గదిలోనే రాస్తున్నాను.

రెండు గంటల ప్రయాణం. టైర్ల కొట్టు మీద ఒక్క గది. కిటికీలకి నల్ల గుడ్డలు. బల్ల మీద పెద్ద మానిటర్, దాని ముందు నా కూతురు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల దువ్వుకోలేదు. నన్ను చూసి భయపడింది.

"ఏమైంది నాన్నా? అమ్మ బాగుందా?"

"అమ్మ బాగుంది. నేనే బాగాలేను. మచ్చ నీ సినిమాలో లేదమ్మా."

"మరి?"

"మా మానిటర్లో ఉంది. పురుగు. ఆరు కాళ్లు."

అది కుర్చీ వెనక్కి వాలింది. "అంటే నువ్వు..."

"మొత్తం చూడలేదు. అక్కడ రెండు నిమిషాలు, ఫోన్‌లో మూడు నిమిషాలు. అద్దాలు కడిగే గదిలో. ఫుల్ హెచ్‌డీ అని చెప్పింది కూడా అబద్ధమే. ఆ మానిటర్‌కి అది రాదు. నాకు పోయిన బుధవారమే తెలుసు."

కింద కొట్లో ఎవరో టైరు దొర్లించారు.

"గద్దని తీసేశాను నాన్నా" అంది. "నీ మచ్చ అదేననుకుని, దూరంగా ఎగిరే గద్దని తీసేశాను. నాలుగు నెలలు ఎదురుచూస్తే వచ్చిన గద్ద."

నిలబడే ఉన్నాను.

"చూడలేదని చెప్తే ఏమయ్యేది?" అరిచింది. "ఇంకో రెండు రోజులాగేదాన్ని కదా! ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు మళ్లీ అమ్మకివ్వమంటావేమోనని."

అది నా వంక చూసింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. నవ్వు ఆపలేక బల్ల మీద తల పెట్టుకుంది. "కందిరీగల సినిమాకి పురుగు అడ్డం పడిందా! కాళ్లు కూడా లెక్కపెట్టావా?"

"రెండుసార్లు."

పాత కాపీ ఉందట. అందులో గద్ద క్షేమం. కళ్లు తుడుచుకుని దాన్ని వేసింది. "కూర్చో. ఇది నిజంగా ఫుల్ హెచ్‌డీ. ఇప్పుడు చూడు."

చూశాను. ముప్ఫై ఎనిమిది నిమిషాలు. రెప్ప వేశానో లేదో గుర్తులేదు. కందిరీగ మట్టి ముద్దని ముందుకాళ్ల మధ్య పట్టుకుని, నోటితో తడుపుతూ గోడ కట్టింది. మా షాపులో అద్దం అంచు అరగదీసేటప్పుడు నేను తల వంచే తీరులో తల వంచింది. ఇలాంటి పనిమంతురాలి వెంట తిరగడానికి ఎంత చదువైనా తక్కువే. ఆ మాట పైకే అన్నాను. అమ్మాయి తెర వైపే చూస్తూ, "సరే, తప్పులు చెప్పు" అంది.

"ఇరవయ్యారో నిమిషం. నాలుగు సెకన్లు. కెమెరా చూపు డబ్బా మీది రంగు పెచ్చు మీద నిలబడింది. కందిరీగ కన్ను మసకగా ఉంది."

ఠక్కున నా వైపు తిరిగింది. "అది నాకు తెలుసు. ఎవరైనా కనిపెడతారా అని చూస్తున్నాను. పన్నెండు మంది చూశారు. ఒక్కరూ చెప్పలేదు."

ఆ నాలుగు సెకన్ల చోట పెట్టడానికి వేరే ముక్కలు పద్నాలుగు ఉన్నాయట. ఒక్కొక్కటీ చూస్తున్నాం. ఆరోది బాగుంది అంటాను. తొమ్మిదోది అంటుంది. గొడవపడుతున్నాం. నేను వచ్చిన పని మరిచిపోయి గొడవపడుతున్నాను.

మార్చి 15, శనివారం
ఉదయం 10:20

పంపేసింది. గద్దతో సహా. తొమ్మిదోదే పెట్టింది. ఆరోదే బాగుండేది. అది కూడా చెప్పాను.

నిన్న రాత్రి అమ్మాయి దగ్గర్నుంచి వచ్చి, పొద్దున్నే షాపు మానిటర్ని బస్సులో వెనక్కి తీసుకెళ్లాను. పెద్దాయన నిన్ననే వచ్చాడట. కౌంటరు మీద ఖాళీ జాగా చూసి, దొంగలు పడ్డారనుకుని తాళాలు మార్పించాడు. మానిటర్ ఒళ్లో పెట్టుకుని గంటసేపు షాపు గుమ్మం మెట్ల మీద కూర్చున్నాను. వచ్చాక ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిట్లు ఉన్నవి ఉన్నట్టు పడ్డాయి.

మార్చి 16, ఆదివారం
మధ్యాహ్నం 3:00

మా ఆవిడ స్క్రూడ్రైవరమ్మ దగ్గర్నుంచి వాడిన మానిటర్ ఒకటి తెచ్చింది. 1920, 1080. కాగితం చదివే తెచ్చింది. నన్ను వెంట రానివ్వలేదు.

సాయంత్రం 6:00

అమ్మాయి ఫోన్.

"నాన్నా, తర్వాతి సినిమా నత్తల మీద. పోయిన వానాకాలంలోనే తియ్యడం మొదలుపెట్టాను. అరవై గంటల బొమ్మ ఉంది. మంచి ముక్కలు ఏరిపెడతావా? రోజుకి రెండు గంటలు చూస్తే నెలలో అయిపోతుంది. ఇది ఫోర్‌కే. ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్ల చుక్కలు."

"ఇక్కడ మానిటర్‌కి అన్ని లేవమ్మా. నువ్వు తీసినదాంట్లో పావు వంతు చుక్కలే కనిపిస్తాయి" అన్నాను. ఎంత హాయిగా ఉందో ఆ మాట అంటే.

"నత్త ఎటు పోతోందో చూడ్డానికి చాలు. తెల్లారే చూడు, మళ్లీ అద్దాలు కడిగే గదిలోకి దూరకుండా."

"రోజూ చూస్తాను. ఒక్క రోజు కూడా మానను. ఇది నా..."

"శపథం వద్దు నాన్నా."

ఫోన్ పెట్టాక డైరీ తీశాను. ఆవిడకి వినబడకుండా, కూర్చునే చేశాను.

మార్చి 17, సోమవారం. మొదటి రోజు!

ఉదయం 5:40. మొదటి రెండు గంటల బొమ్మ అమ్మాయి రాత్రే నెట్‌లో పంపింది. అంతా సిద్ధం. మొదటి నత్త. ఆకు మీద ఉంది.

5:55. ఆకు మీదే ఉంది.

6:10. టీ తాగాను. కళ్లు తిప్పకుండా తాగాను. ఉత్సాహం ఏమాత్రం తగ్గలేదు.

6:25. అత్తయ్య వచ్చి కాసేపు చూసి, ఆగిపోయిందేమో రిపేరావిడకి ఫోన్ చెయ్యమంది.

6:38. చిన్న కునుకు. రెండు నిమిషాలు. కాదు, తొమ్మిది. అమ్మాయికి తొమ్మిదనే చెప్తాను.

6:50. నత్త కదిలింది! లేదా నేను కదిలాను. ఏది కదిలిందో తేల్చుకోలేక, వెనక్కి తిప్పి మళ్లీ మొదట్నుంచి వేశాను.